ఓటీపీ చెప్పకపోయినా వాట్సాప్ పోతుంది

ఎవరి వాట్సాప్ అయినా హ్యాక్ అయిందని తెలిస్తే చాలు, ముందు చీవాట్లు మొదలవుతాయి. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అంతలా మొత్తుకుంటున్నారు కదా, ఎందుకు చెప్పావు?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు, గ్రూపులోవాళ్లు అడుగుతారు, ఆఖరికి ఫిర్యాదు రాసుకునేవాళ్లూ అడుగుతారు. నల్లగొండలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈమధ్య నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఎవరికీ ఏ ఓటీపీ చెప్పలేదు. చెప్పించుకునే అవసరం దొంగకు ఎప్పుడో తీరిపోయింది. మన సలహా మాత్రం పదేళ్ల కిందటి దగ్గరే ఆగిపోయింది.

పెళ్లిళ్ల రోజుల్లో శుభలేఖ పేరుతో, పెట్టుబడి సాయం పడే రోజుల్లో రైతు పథకం పేరుతో, మిగతా రోజుల్లో ట్రాఫిక్ చలానా పేరుతో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో రావాలి, ఇది మాత్రం యాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అడిగిన ఎస్‌ఎంఎస్ అనుమతి ఇచ్చారంటే మీరు నోరు విప్పాల్సిన పనే లేదు. వాట్సాప్ పంపే ఆరంకెల కోడ్ మీ ఫోనులో పడగానే వాడికీ చేరిపోతుంది. పైగా ఆ ఫైలు వచ్చేది ముక్కూమొహం తెలియని నంబరు నుంచి కాదు. నిన్న హ్యాక్ అయిన మీ మేనబావ నంబరు నుంచే వస్తుంది. శుభలేఖ పంపింది మేనబావ అయితే తెరవకుండా ఎవరుంటారు?

ఇంకో పద్ధతిలో పార్సిల్ వచ్చిందంటూ ఫోన్ చేసి, స్టార్ 21 స్టార్‌తో మొదలై హ్యాష్‌తో ముగిసే నంబరు డయల్ చేయమంటాడు. చేస్తే మీకు రావాల్సిన కాల్స్ వాడికి మళ్లుతాయి. వాట్సాప్ కోడ్‌ను కాల్ చేసి చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉంది, ఆ కాల్ వాడే ఎత్తుతాడు. ఇలా డయల్ చేసి కాల్స్ మళ్లించుకునే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. మంచిదే. డయల్ చేయమనే ఫోన్లు మాత్రం ఆగలేదు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది మూడో పద్ధతి. ఇందులో కోడ్ మీరు చెప్పరు, వాడే మీకు చెబుతాడు. "ఇది నీ ఫొటోనేనా?" అంటూ ఒక లింకు వస్తుంది. తెరిస్తే ఫోన్ నంబరు అడుగుతుంది, తర్వాత ఎనిమిది అక్షరాల కోడ్ చూపించి వాట్సాప్‌లో వేయమంటుంది. వేశారంటే ఎక్కడో ఉన్న వాడి కంప్యూటరు మీ ఖాతాకు జతపడుతుంది. మీ వాట్సాప్ ఎప్పటిలాగే పనిచేస్తూ ఉంటుంది, ఏ తేడా కనబడదు. వాడు మాత్రం మీ సందేశాలు, పాతవాటితో సహా, తీరిగ్గా చదువుకుంటూ ఉంటాడు. ఇక్కడ "ఓటీపీ చెప్పొద్దు" అన్న సుభాషితం ఏం పనికొచ్చినట్టు?

ఆ మాట పనికిరాకపోవడం ఒక ఎత్తు, అది చేసే చేటు ఇంకో ఎత్తు. దేవరకొండ వైపు మహిళా సంఘం లెక్కలు చూసే ఒక అక్క ఫోను నా దగ్గరికి వచ్చింది. పొద్దునే వాట్సాప్ తెరుచుకోలేదు. విషయం అర్థమైనా, తిడతారని సాయంత్రం దాకా భర్తకు చెప్పలేదు, సంఘంలోనూ చెప్పలేదు. ఈలోగా సభ్యులందరికీ ఆమె పేరుతో "పదివేలు అర్జెంటు, రాత్రికి వేస్తాను" అని సందేశాలు వెళ్లాయి, అదీ ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగులో. ఆ అక్క టైపు చేయగా ఎవరూ చూడలేదు. ఏం చెప్పాలన్నా వాయిస్ పంపుతుంది, అందులో వెనక నుంచి కుక్కర్ కూత కూడా వినబడుతుంది. ఒక సభ్యురాలు ఆ తేడా పట్టేసింది. ఇంకొకామె డబ్బు పంపేసింది. పంపే ముందు తెర మీద వేరే మగమనిషి పేరు కనబడినా, అక్క కొడుకు స్నేహితుడేమో అనుకుందట. పొద్దున్నే నలుగురికీ ఫోన్ చేసి "నా వాట్సాప్ పోయింది, ఎవరూ డబ్బులు పంపొద్దు" అని ఉంటే ఆ పదివేలు మిగిలేవి. ఆమె నోరు కట్టేసింది మన చీవాట్ల భయమే.

కాబట్టి ముందు చేయాల్సింది ఫోన్ కాల్స్. గ్రూపు అడ్మిన్లకు చెప్పి ఆ నంబరును గ్రూపుల్లోంచి తీయించండి. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోకముందే ఆపగలిగితేనే ఫలితం. పెద్దమనిషితో మాట్లాడి, పొద్దున్నే స్టేషనుకు వెళదాం అనుకుంటే వాడు రాత్రికి రాత్రే ఖాళీ చేస్తాడు.

ఆ తర్వాత ఖాతా సంగతి. వాట్సాప్ ఖాతా నంబరుకు కట్టుబడి ఉంటుంది. అదే నంబరుతో మళ్లీ నమోదు చేసుకుని, ఎస్‌ఎంఎస్‌లో వచ్చిన ఆరంకెలు వేస్తే అవతలివాడి ఫోనులో అది ఆగిపోతుంది. వినడానికి ఇంతే. కానీ వరస తప్పితే అంతా వృథా. ఆ ఏపీకే ఇంకా ఫోనులోనే కూర్చుని ఉంటే కొత్త కోడ్ కూడా వాడికే పోతుంది, మీరు తెచ్చుకున్న ఖాతాను వాడు మళ్లీ లాక్కుంటాడు. అందుకే నేను ముందు సిమ్ తీయించి ఇంట్లో ఉన్న వేరే శుభ్రమైన ఫోనులో వేయిస్తాను, అక్కడ నమోదు చేయిస్తాను. పాత ఫోనును తర్వాత తీరిగ్గా శుభ్రం చేసుకోవచ్చు. కాల్స్ మళ్లాయన్న అనుమానం ఉంటే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ డయల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి.

మన జిల్లాల్లో పని చెడేది సిమ్ దగ్గరే. ఇంట్లో వైఫై ఉంది కదా అని రీచార్జ్ మానేస్తారు, వాట్సాప్ నడుస్తూనే ఉంటుంది. హ్యాక్ అయిన రోజు కోడ్ రావాలంటే ఆ సిమ్‌లో ప్రాణం ఉండాలి కదా? పాలమూరు వైపు సంగతి ఇంకా చిక్కు. సిమ్ భర్త ఆధార్ మీద ఉంటుంది, ఆయన ముంబయిలోనో పుణెలోనో పనిలో ఉంటాడు, వాట్సాప్ వాడేది ఊళ్లో ఉన్న భార్య. డూప్లికేట్ సిమ్ కావాలంటే ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే రావాలి. వచ్చి తీసుకున్నా, సిమ్ మారిన తర్వాత 24 గంటల పాటు ఎస్‌ఎంఎస్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధనే అది. ఆ సమయంలో "కాల్ చేయండి" అన్న ఎంపిక నొక్కితే కోడ్ ఫోన్‌లో వినబడుతుంది, చాలామందికి ఈ దారి తెలియదు. నమోదు చేసుకున్న సిమ్ అదే ఫోనులో ఉండి పనిచేస్తుంటేనే మెసేజింగ్ యాప్‌లు నడవాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశం ఇచ్చింది. మోసగాళ్లకు అది ఎంత అడ్డమో చెప్పలేను గానీ, సిమ్ ఒకచోట, ఫోను ఒకచోట ఉన్న వలస కుటుంబాలను అడిగి ఇచ్చిన ఆదేశంలా మాత్రం నాకు కనబడలేదు.

ఒక్కోసారి ఆరంకెలు వేశాక, మీరు ఎన్నడూ పెట్టని పిన్ అడుగుతుంది. దొంగ లోపలికి రాగానే టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే కోడ్‌తో పాటు ఇంకో పిన్ కూడా అడిగే తాళం, పెట్టేశాడన్నమాట. ఏడు రోజులు ఆగాలి, ఆ తర్వాత పిన్ లేకుండానే తెరుచుకుంటుంది. ఇక్కడే జనం హడలిపోతారు. ఆ ఏడు రోజులూ వాడు లోపలే ఉంటాడనుకుంటారు. ఉండడు, ఎస్‌ఎంఎస్ కోడ్ మీరు వేసిన క్షణమే వాడు బయటపడ్డాడు. ఈ భయాన్ని సొమ్ము చేసుకుని "రెండు వేలివ్వండి, గంటలో తెరిపిస్తా" అనేవాళ్లు మా వృత్తిలోనే ఉన్నారు, సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఏడు రోజులను గంట చేయడం ఎవరి వల్లా కాదు. ఇచ్చిన డబ్బు పోయినట్టే.

ఖాతా చేతికి వచ్చింది కదా అని అక్కడితో వదిలేయకండి. వాట్సాప్ మెనూలో లింక్డ్ డివైజెస్ తెరవండి, మీ ఖాతాకు జతపడిన పరికరాల జాబితా అది. ఎన్నడూ కంప్యూటరు ముట్టని పెద్దాయన ఫోనులో "గూగుల్ క్రోమ్, విండోస్" అని వరస కనబడితే నాకే ఒళ్లు జలదరిస్తుంది. ఒక ఖాతాకు నాలుగు పరికరాల దాకా జతచేయవచ్చు. మీవి కానివన్నీ లాగౌట్ చేయండి. అప్పుడు టూ స్టెప్ వెరిఫికేషన్ మీరే పెట్టుకోండి, పక్కనే ఈమెయిల్ కూడా ఇవ్వండి, పిన్ మరిచిపోతే అదే దిక్కు. ఆ ఈమెయిల్ మీదే అయి ఉండాలి. కొత్త ఫోను కొన్న రోజు షాపులో కుర్రాడు సృష్టించి, పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకున్న జీమెయిల్ అయితే తాళం వేసి చెవి పరాయి ఇంట్లో ఇచ్చినట్టే. మన ఊళ్లలో సగం ఫోన్ల సంగతి ఇదే అని నా గట్టి అనుమానం.

పిన్ పుట్టిన తేదీ కాకూడదు, బండి నంబరు కాకూడదు. వాట్సాప్ అప్పుడప్పుడు దాన్ని అడుగుతూ ఉంటుంది, విసుక్కోకండి, మీరు మరిచిపోకుండా ఉండటానికే అడుగుతుంది. మా సెంటరుకు వస్తే ఆ ఒక్క మెట్టు దగ్గర ఫోను మీ చేతికే ఇచ్చేస్తాను. "నువ్వే కొట్టు బాబూ, నాకు కనబడదు" అంటారు పెద్దవాళ్లు. కొట్టను. కళ్లజోడు ఇంట్లో మరిచిపోతే వెళ్లి తెచ్చుకోండి, తొమ్మిది దాకా తెరిచే ఉంటాను.