కొల్లేరు కాంటూరు: ఐదా, మూడా?

కొల్లేటిలో సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత (ఐదో కాంటూరు) దాకా ఉన్న నేలంతా అభయారణ్యమని 1999లో జీవో 120 వచ్చింది. మొత్తం 308 చదరపు కిలోమీటర్లు. దాన్ని మూడో కాంటూరుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. కైకలూరు, మండవల్లి వైపు ఈ గొడవ ఇంకా చల్లారలేదు. కింద మాట్లాడే ఇద్దరూ కల్పితాలే. మావయ్యకు ఐదో కాంటూరు లోపల జిరాయితీ (సొంత పట్టా) భూమిలో చేపల చెరువుంది. మేనకోడలు ఏలూరులో జువాలజీ లెక్చరర్.

మావయ్య: నువ్వు కాలేజీలో ఏమైనా చెప్పుకో అమ్మాయ్. అసలు చెరువులు తవ్వమన్నదెవరు? ప్రభుత్వమే. డెబ్బైల్లో సొసైటీలు పెట్టించి, అప్పులిప్పించి, దగ్గరుండి గట్లు పోయించింది. 2006లో అదే ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరని పొక్లెయిన్లు తెచ్చి గట్లు కొట్టేసింది. మధ్యలో మేం చేసిన తప్పేంటి?

మేనకోడలు: సొసైటీలకు తవ్వించింది నిజమే. ఆ చెరువులు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాయో అది కూడా చెప్పు. కాగితం మీద సభ్యుడు లంక గ్రామంలో వలేసుకు బతికే మనిషి. లీజు పాడుకునేది ఊరి బయటి పెట్టుబడిదారు. సభ్యుడికి ఏడాదికోసారి ఇంతని చేతిలో పెడతారు. తర్వాత అతను అదే గట్టు మీద జీతానికి కాపలా కాస్తాడు.

మావయ్య: ఆ జీతం కూడా లేకపోతే ఏం తింటాడు? గట్లు కొట్టేశాక ఎంతమంది ఊళ్లొదిలి పనులకు పోయారో నాకు తెలుసు. చేపలు పట్టే మావులు వేసి బతకండి అన్నారు. వేద్దామంటే నీళ్లెక్కడ కనిపించాయి? అంతా గుర్రపు డెక్క, కిక్కిస. పడవే కదల్లేదు. ఇవాళ మేత కొట్టు, ఐసు ఫ్యాక్టరీ, ప్యాకింగు కూలీలు, కలకత్తా పోయే లారీలు, అన్నీ చేప మీదే నడుస్తున్నాయి.

మేనకోడలు: గుర్రపు డెక్క అంతలా ఎందుకు పెరిగింది? నువ్వు పట్టుబడి చేసిన ప్రతిసారీ చెరువు నీళ్లు మోటారు పెట్టి డ్రైన్లోకి తోడేస్తావు. అందులో మిగిలిన మేత, ఎరువు, చేపల మలం అన్నీ ఉంటాయి. డెక్కకి అంతకన్నా ఏం కావాలి? నీ చెరువులో తెల్లారగట్ల బొచ్చె చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే లుంగీ ఎగ్గట్టి ఏరియేటరు స్విచ్ వెయ్యడానికి పరిగెడతావు కదా. సరస్సులో చేపకి ఆక్సిజన్ తగ్గితే ఎవరు పరిగెడతారు? కొర్రమీను, మార్పు చేప లాంటివి పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతాయి. మిగతావి చస్తాయి.

మావయ్య: మురుగంతా మాదేనా? ఏలూరు మురుగు ఎటొస్తోంది? డెల్టాలో వరికి కొట్టే మందులు ఎటొస్తున్నాయి? వాళ్లకి ఏ కాంటూరూ లేదు. కొందరు కోళ్ల వ్యర్థాలు మేతగా వేస్తున్నారు, వాళ్లని పట్టుకోమను, నేనూ వస్తాను. అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

(ఈ మాటకు మావయ్యకి మార్కులు వెయ్యాల్సిందే. పట్టణాల మురుగుని ఎవరూ పొక్లెయిన్‌తో ఆపలేదు.)

మేనకోడలు: సరే, మురుగు పక్కన పెడదాం. వరద సంగతి చెప్పు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ ఇక్కడికే. సముద్రంలోకి పోవడానికి దారి ఒక్క ఉప్పుటేరే, అరవై కిలోమీటర్ల పైన పోవాలి. వచ్చిన నీళ్లు ముందు పరుచుకోవాలి, తర్వాతే నిదానంగా దిగాలి. పరుచుకునే చోట నువ్వు గట్టు పోస్తే ఆ నీళ్లు పక్కవాడి వరి చేలోకి ఎక్కుతాయి.

మావయ్య: 2024లో విజయవాడ మునిగింది కూడా మా గట్ల వల్లేనంటావా?

మేనకోడలు: అనను. అక్కడ బుడమేరు కట్టలు తెగాయి. కానీ కొల్లేటి చుట్టూ నీళ్లు నిలబడిపోయినప్పుడు గట్లకి సంబంధం లేదనకు.

మావయ్య: ఉప్పుటేరులో పూడిక తియ్యమను ముందు. అది పూడిపోయింది కాబట్టి వానాకాలం నీళ్లు దిగవు. వేసవిలో అదే దారిన సముద్రపు పోటు ఉప్పునీళ్లు తోసుకొస్తుంది. నీళ్లకు గేట్లతో రెగ్యులేటర్లు కడతామని ఎన్నేళ్లుగా వింటున్నాం? అది కట్టకుండా గట్లు కొడితే కొల్లేరు బాగుపడిపోతుందా?

మేనకోడలు: రెండూ కావాలి. ఏరుల నోళ్ల దగ్గర, నీటికి అడ్డంగా ఉన్న గట్లు ముందు తియ్యాలి. ఉప్పుటేరు పూడికా తియ్యాలి. పూడిక తీసినా, గట్ల మధ్య ఇరుక్కున్న నీళ్లు దాని దాకా రావాలిగా.

మావయ్య: పోనీ పక్షుల సంగతి. అభయారణ్యమంటే పక్షులకేగా? ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) చూడ్డానికి జనం పడవలెక్కుతారు. చెట్లు లేక ఇనప స్టాండ్ల మీద గూళ్లు కడతాయవి. తిండి మాత్రం నా చెరువులో! ఒక్కోటి మూతికింద సంచీ నింపుకుని పోతుంది. కాపలాకి మనిషిని పెట్టాను. చెరువులు లేకపోతే నీ గూడబాతులు పస్తే.

మేనకోడలు: సరస్సులో చేప తగ్గబట్టే నీ చెరువు మీద పడుతున్నాయి. ఇంతకీ ఆ మనిషి చేసే పనేంటి? టపాకాయలు కాల్చి తోలడమేగా.

మావయ్య: నా పెట్టుబడి ఎవడిస్తాడు?

మేనకోడలు: అదే నేనూ అంటున్నది. జిరాయితీ భూమి నీది. అందులో మందుల్లేని సేద్యం చేసుకోవచ్చని, చేపల చెరువు మాత్రం వద్దని జీవో చెప్పింది. సేద్యం గిట్టదంటే భూమికి సరైన ధర ఇచ్చి ప్రభుత్వం తీసుకోవాలి. నువ్వు ఆ డబ్బు అడుగు, నీ పక్కన నేనూ కూర్చుంటా. కాంటూరు దించమని మాత్రం అడక్కు.

మావయ్య: డబ్బు చేతిలో పడిన రోజు గట్టు నేనే తీయిస్తాను. ముందు గట్టు తియ్, తర్వాత చూద్దాం అంటే కుదరదు. 2006లో చూశాంగా.

మేనకోడలు: న్యాయమే. మరి దాని పక్కన సొసైటీ చెరువు ఒకటి పాడుకున్నావు, అది జిరాయితీ కాదుగా?

మావయ్య: అది వేరే లెక్క.

మేనకోడలు: కాంటూరు దించితే ముందు గట్టెక్కేది ఆ వేరే లెక్కే మావయ్యా. నీ జిరాయితీ కాగితం చూపించి పెద్ద లీజుదారులు తమ చెరువులు కాపాడుకుంటున్నారు. నీకేమో ఇప్పటికీ పరిహారం రాలేదు.

మావయ్య: లీజు మార్చితో అయిపోతుంది. మళ్లీ పాడనని నీకు మాట మాత్రం ఇవ్వను.