నాలుగు మిల్లీమీటర్ల సూదిబాబుకి విజయనగరం నుంచి రాయునది

సూదిబాబూ,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కూడా వంగకుండా, మొద్దుబారకుండా, మూత పోకుండా క్షేమంగానే ఉన్నావని తలుస్తాను. విషయం ఏటంటే నీ మీద మావాళ్ళకి చాలా కంప్లయింట్లు ఉన్నాయి, షుగర్ జబ్బుకి ఇన్సులిన్ వేసుకోడానికి రోజూ రెండు పూటలా నిన్ను పొట్టలోకి దించుకునే మనిషిని కాబట్టి అవి నీకు చేరవేసే డ్యూటీ నామీద పడింది.

అన్నిటికంటే పెద్ద కంప్లయింటు, నువ్వు జనాన్ని హడలగొడుతున్నావంట. నీ పొడవు చూస్తే బియ్యం గింజంత కూడా లేదు. మనిషి బక్కోడైనా బొద్దోడైనా చర్మం మందం ఇంచుమించు రెండు మిల్లీమీటర్లే, దాని కింద కొవ్వులోకి దిగడానికి నువ్వు అందరికీ సరిపోతావు. అయినా సరే ముక్కూ చెవులూ కుట్టించుకుని చెయ్యినిండా పచ్చబొట్లు పొడిపించుకున్న మా పెద్దత్త, నేను చొక్కా ఎత్తితే చాలు "ఓలమ్మో, నాను సూడలేన్రా నాయినా" అని మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి మొత్తం చూస్తాది. పక్కింటాయన ఇంకా నయం, "ఇన్సులిన్ దాకా వచ్చీసిందంటే ఇంక లాస్ట్ స్టేజే" అని టీ తాగుతూ తేల్చీసాడు. 1922లో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ పొడిపించుకున్న లియొనార్డ్ థాంప్సన్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రాడు చావుమంచం మీంచి లేచి ఇంకో పదమూడేళ్ళు బతికాడని, అంతకు ముందు అలాంటి పిల్లలకి వైద్యమంటే పస్తు పెట్టడమేనని చెప్పబోతే "ఫోన్లో చూసినవన్నీ చెప్పకు, మెంతులు నానబెట్టుకుని తాగు" అన్నాడు.

ఇక నీ డబ్బా మీద 2 అంకె వేసి అడ్డగీత కొట్టుంటాది కదా, రెండోసారి వాడొద్దని దానర్థం. మావాళ్ళు దాన్ని రెండుసార్లతో ఆపీకండి అని చదువుకున్నారు. అయినా నువ్వే చెప్పు, మా ఇళ్ళల్లో ఒక్కసారి వాడి పారీసే వస్తువు ఏదైనా ఉందా? హార్లిక్స్ సీసాలో ఆవాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలో ఇడ్లీపిండి, పెళ్ళి స్వీట్ బాక్సులో బొత్తాలూ దారాలూ. అలాంటి చోటికి వచ్చి పొద్దున వాడి పొద్దున్నే పారీమంటే ఎవడింటాడు, రోజుకి రెండంటే నెలకి 60 సూదులు, కొనేవాడికి కదా తెలిసేది. మందుల షాపు కుర్రాడు కూడా "వారం లాగించీండి సార్, నొప్పి పుడితే మార్చొచ్చు" అంటాడు. ఒక్క పోటుకే నీ మొన దెబ్బతింటాదని, నీ మీదున్న నున్నటి పూత పోతాదని, మందు నింపుండే ఇన్సులిన్ పెన్నుకే నిన్ను బిగించి వదిలీస్తే లోపలికి గాలి బుడగలు దూరి డోసు తేడా వస్తాదని ఎవరికీ పట్టదు. నాలుగో రోజు చురుక్కుమంటే మాత్రం "ఈ కంపెనీ సూదులు మంచివి కావు" అంటారు. ఆ మాట పడేది నువ్వు.

ఆమదాలవలసలో ఉండే మా మావయ్యది ఇంకో కథ. ఆయనకి బొడ్డుకి కుడిపక్కన ఒకటే చోటు, ఏళ్ళ తరబడి అక్కడే. ఎందుకు మావయ్యా అంటే అక్కడైతే నొప్పి తెలీదురా అంటాడు. నొప్పి ఎందుకు తెలీదంటే అక్కడ కొవ్వు గడ్డ కట్టీసింది. ఆ గడ్డలోకి పోయిన ఇన్సులిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, షుగర్ దిగదు, డాక్టరుగారు డోసు పెంచుతారు, పెంచిన డోసు కూడా మావయ్య తీసుకెళ్ళి ఆ గడ్డలోనే పోస్తాడు, మళ్ళీ దిగదు, ఇంట్లో అత్త "దొంగతనంగా బెల్లం తింటన్నారా" అని రోజూ పంచాయితీ. ఆఖరికి ఒక నర్సమ్మ పొట్ట మీద చెయ్యేసి తడిమి "ఏటి బాబూ, ఈ చోటుకి పట్టా రాయించుకున్నావేటి" అంది. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలి మిగతా పొట్ట, తొడలు, జబ్బలు అన్నీ వాడుకోమని, పోటుకీ పోటుకీ వేలెడు ఎడం ఉంచమని, గడ్డ లేని చోటికి మారినప్పుడు డోసు ఎంతో డాక్టరుగారినే అడగమని, పాత డోసే వేసీసుకుంటే షుగర్ ఢమాలున పడిపోతాదని కూడా చెప్పింది. తొడ అనేసరికి మావయ్యకి సిగ్గొచ్చీసింది. లుంగీ కట్టుకునే మనిషికి తొడకంటే సదుపాయం ఏముంది చెప్పు.

ఆయనది సీసా మందు, మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే రకం, దానికి ఎర్రమూత సిరంజి. 100 రకానికి నారింజ మూత. ఎర్రమూత దానితో 100 రకం మందు లాగితే రెండున్నర రెట్లు లోపలికి పోతాది. దీని మీద మాత్రం నాకు జోకులు రావు. మూత రంగు చూసి కొనండి, అంతే.

నీ మీద అసలు నేరం బొబ్బిలి పెళ్ళిలో జరిగింది. నాది ముప్ఫై-డెబ్భై మిక్స్ రకం, అంటే తొందరగా పనిచేసేది ముప్ఫై పాళ్ళు, నిదానంగా పనిచేసేది డెబ్భై పాళ్ళు, తిండికి అరగంట ముందు వేసుకోవాలి. పెళ్ళికూతురి బాబాయి "మొదటి బంతి లేస్తంది, రెండోది మనదే" అన్నాడు కదా అని నేను మండపం వెనక పంపు దగ్గర నిలబడి పెన్నుని అరచేతుల మధ్య దొర్లించి, మందు తెల్లగా కలిసాక రెండు యూనిట్లు గాల్లోకి వదిలి, పొడుచుకుని పది అంకెలు లెక్కపెట్టి వచ్చాను. ఈలోపు ఎవరో నాయకుడు కారు దిగాడు. ఆయన వెనకాల జనమే రెండో బంతి. మూడో బంతికి విస్తర్లు చాల్లేదు, మనిషిని పంపించారు, వాడెక్కడికి పోనాడో రాడు. నాకు చెమటలు, చేతుల్లో వణుకు, షుగర్ మీటర్లో చూస్తే 62. 70 కిందకి దిగితే వెంటనే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. పంచదార వంటోళ్ళ దగ్గర, వంటోళ్ళు ఎక్కడో, ఎదురుగా లడ్డూల పళ్ళెం పోతంది. నెయ్యి వల్ల లడ్డూ ఆలస్యంగా పనిచేస్తాదని తెలుసు, అయినా అందిందే అమృతం అని చెయ్యి పెట్టాను. పెట్టగానే మా పెద్దత్త ఆ చెయ్యి పట్టీసుకుంది. "నీకు షుగరు కదరా నాయినా, నోరు కట్టుకోలేవేటి?" మొన్న సంక్రాంతికి వద్దంటే వినకుండా పళ్ళెంనిండా అరిసెలు పెట్టిన మనిషికి నా జబ్బు సరిగ్గా ఆ నిమిషానే గుర్తొచ్చింది చూడు. లడ్డూ సగం ఆవిడ గుప్పిట్లో, సగం నా నోట్లో. ఆ ఫోటో పెళ్ళి ఆల్బంలో ఉంది. ఇంటికొచ్చాక తీర్పు ఏటంటే "ఆ సూదులు వేసుకోబట్టే ఇలా అయిపోతన్నాడు." సూదిదేనంట తప్పు, విస్తర్లది కాదు, నాయకుడిది కాదు.

ఫ్రిజ్ గురించి కూడా చెప్పీయాలి. నీ జతగాడు ఇన్సులిన్ గుడ్ల అరలో కాపురం ఉంటన్నాడు, మా చిన్నోడు బాగా చల్లగా ఉంటాదని ఫ్రీజర్లోకి మార్చీసాడు. గడ్డ కట్టింది కరిగినా పనికిరాదు, పారబోశాం. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు, అక్కడి మా చుట్టాలు నీళ్ళకుండలో చిన్న డబ్బా దించి అందులో దాచుకున్నారు, ఫ్రిజ్ కంటే కుండే నమ్మకం అని ఇప్పటికీ అంటారు. వాడకంలో ఉన్న పెన్ను ఎండా వేడీ తగలకుండా బయట ఉంచినా మామూలుగా 28 రోజులు పనిచేస్తాది.

ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగూ వాళ్ళూ 1923లో దాని పేటెంటుని టొరంటో యూనివర్సిటీకి తలా ఒక్క డాలరుకి ఇచ్చీసారంట. ఈ ముక్క నేను బిల్లు కట్టేటప్పుడు గట్టిగానే అన్నాను, కౌంటర్లో కుర్రాడు "చిల్లర ఉందా సార్" అన్నాడు.

కాబట్టి బాబూ, మాకు కావలసింది ఇదీ. ఆ 2 మీద గీత కొట్టడం మానీసి తెలుగులో, పెద్దక్షరాల్లో రాసుకుని రా, నిన్ను వాడేవాళ్ళలో సగంమందికి కళ్ళజోడు పెట్టుకున్నా ఆ గుర్తు కనపడదు. వాడాక నిన్ను మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలని కూడా రాయి, చెత్తబండి ఆవిడ చేతికి గుచ్చుకుంటే ఆ పాపం నీ లెక్కలో వేస్తారు. మా పెద్దత్తకి విడిగా ఒక ఉత్తరం రాయి, నా మాట వినదు.

ఇట్లు,
బొడ్డుకి రెండంగుళాల అవతల ఎప్పుడైనా దొరికే
నీ విధేయుడు