లాస్ ఏంజెలెస్ ఎర్ర బండ్లను జనరల్ మోటార్సే చంపిందా?

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు మొన్న ఒక వీడియో పంపాడు. దాని సారం ఇది: లాస్ ఏంజెలెస్‌లో ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ఎలక్ట్రిక్ రైలు వ్యవస్థ ఉండేది, లాభాల్లో నడిచేది. కార్లు, బస్సులు తయారుచేసే జనరల్ మోటార్స్ దాన్ని కొని, పట్టాలు పీకించి, జనం చేత బలవంతాన కార్లు కొనిపించింది. కోర్టులో రుజువైంది కూడా.

ఈ కథ పాతదే. 1974లో బ్రాడ్‌ఫర్డ్ స్నెల్ అనే లాయరు సెనేట్ ఉపసంఘం ముందు ఇచ్చిన వాంగ్మూలంతో ఊపందుకుంది. 1988 నాటి ఒక హాలీవుడ్ సినిమాతో ఇంటింటికీ చేరింది. రైలు వ్యవస్థ పెద్దదన్న మాటతో నాకు పేచీ లేదు. ఎర్ర రంగు బండ్లు నడిపిన పసిఫిక్ ఎలక్ట్రిక్ కంపెనీకి వెయ్యి మైళ్లకు పైగా పట్టాలుండేవి. పేచీ అంతా ఆ తర్వాతి మాటలతోనే.

"లాభాల్లో నడిచేది." ఏ లాభాలు? 1901లో కంపెనీ పెట్టిన హెన్రీ హంటింగ్టన్‌కు అసలు వ్యాపారం భూములు. మన దగ్గర వెంచర్ వేసినవాళ్లు ప్లాట్లు చూపించడానికి ఉచితంగా కారు పంపిస్తారు కదా, ఆయన ఏకంగా రైలే వేశాడు. ప్లాట్లు అమ్ముడుపోయాక డబ్బు జేబులో పడింది, రైలు ఖర్చు మాత్రం కంపెనీ మీద మిగిలింది. 1911లో సదరన్ పసిఫిక్ రైల్వే దీన్ని పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. దానికి డబ్బు తెచ్చింది సరుకు రవాణా. ప్రయాణికుల బండ్లు మాత్రం చాలా ఏళ్లు నష్టాల్లోనే నడిచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకూ టైర్లకూ రేషన్ పెట్టినప్పుడు బండ్లు కిటకిటలాడిన మాట నిజం. రేషన్ ఎత్తేయగానే ఆ జనం మళ్లీ కార్లెక్కారు. ప్రయాణికుల సర్వీసులు 1953లో చేతులు మారాయి కానీ సరుకు బండ్లను కంపెనీ ఉంచుకుంది, 1965లో సదరన్ పసిఫిక్‌లో కలిసిపోయేదాకా నడిపింది. డబ్బు ఎక్కడ వచ్చేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

"జనరల్ మోటార్స్ కొనేసింది." ఇక్కడ రెండు కంపెనీలను కలిపేస్తున్నారు. ఊరి లోపల తిరిగే పసుపు బండ్లు లాస్ ఏంజెలెస్ రైల్వేవి. ఊళ్ల మధ్య తిరిగే ఎర్ర బండ్లు పసిఫిక్ ఎలక్ట్రిక్‌వి. జనరల్ మోటార్స్, ఫైర్‌స్టోన్ టైర్లు, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ వంటివి పెట్టుబడి పెట్టింది నేషనల్ సిటీ లైన్స్ అనే కంపెనీలో. ఆ కంపెనీ తన అనుబంధ సంస్థ ద్వారా 1945లో చేతుల్లోకి తీసుకున్నది పసుపు బండ్లను. ఎర్ర బండ్ల కంపెనీ ఏనాడూ దాని కిందికి రాలేదు. 1953లో వాటిని కొన్నది మెట్రోపాలిటన్ కోచ్ లైన్స్ అనే మరో సంస్థ. దాని అధిపతి అంతకుముందు నేషనల్ సిటీ లైన్స్‌కు చెందిన గూటిలో పనిచేసినవాడే, ఆ సంగతి దాచడం లేదు. ఆయనకు బస్సులంటేనే మోజు. కానీ అప్పటికే ఎర్ర బండ్ల లైన్లు చాలావరకు మూతపడ్డాయి. రెడాండో బీచ్ లైన్ 1940లో, శాన్ బెర్నార్డినో లైన్ 1941లో ఆగిపోయాయి. అంటే నేషనల్ సిటీ లైన్స్ లాస్ ఏంజెలెస్‌లో అడుగుపెట్టక ముందే, ఎర్ర బండ్ల కంపెనీ తన లైన్లను తానే మూసుకోవడం మొదలుపెట్టింది.

"కోర్టులో రుజువైంది." ఏం రుజువైందో చదివినవాళ్లు తక్కువ. కేసులో అభియోగాలు రెండు. నగర రవాణాను గుప్పిట్లోకి తెచ్చుకునే కుట్ర అన్నది మొదటిది, నేషనల్ సిటీ లైన్స్ కంపెనీలకు బస్సులు, టైర్లు, ఇంధనం తామే అమ్ముకునే కుట్ర అన్నది రెండోది. 1949లో షికాగో కోర్టు మొదటిదాన్ని కొట్టేసి, రెండోదాంట్లో దోషులంది. జనరల్ మోటార్స్‌కు జరిమానా 5,000 డాలర్లు, శిక్షపడ్డ అధికారులకు తలా ఒక డాలరు. నవ్వొచ్చే జరిమానాలే, కాదనను. 1951లో అప్పీలు కోర్టు కూడా తీర్పును సమర్థించింది. అయితే ఆ తీర్పు సరుకు అమ్మకాల గుత్తాధిపత్యం గురించి. పట్టాలు పీకించారన్నది అందులో తేలిన విషయం కాదు.

"జనం చేత బలవంతాన కొనిపించింది." ఈ మాట దగ్గర నాకు చిరాకేస్తుంది, జనానికి సొంత బుద్ధే లేదన్నట్టు. 1920లలోనే ఆ ఊళ్లో కార్లు విపరీతంగా పెరిగాయి. ఎర్ర బండి ఊరి బయట తన సొంత దారిలో దూసుకొచ్చేది, డౌన్‌టౌన్ వీధుల్లోకి రాగానే కార్ల మధ్య చిక్కుకుని నత్తనడక నడిచేది. 1926లో రైల్వే కంపెనీలు ముందుకు తెచ్చిన, వీధులకు పైన స్తంభాల మీద పట్టాలు వేసే ప్రతిపాదన ఓటింగుకు వచ్చింది. ఓటర్లు వద్దన్నారు, దానికి బదులు రైల్వేలన్నిటికీ ఉమ్మడిగా ఉండే యూనియన్ స్టేషన్ కావాలన్నారు. తర్వాత ప్రభుత్వ డబ్బు ఫ్రీవేలకు, అంటే సిగ్నళ్లు లేని పెద్ద రహదారులకు వెళ్లింది. కహువెంగా కనుమలో రోడ్డు మధ్యన ఎర్ర బండి నడిచేది, ఆ లైన్ 1952లో ఆగిపోయింది. తర్వాత ఆ జాగా కూడా కార్ల వరసల్లో కలిసింది.

ఇక చివరి బండి. వీడియో చూస్తే దాన్నీ జనరల్ మోటార్సే ఆపించిందనిపిస్తుంది. 1958లో మిగిలిన లైన్లను లాస్ ఏంజెలెస్ మెట్రోపాలిటన్ ట్రాన్సిట్ అథారిటీ తీసుకుంది. అది ప్రభుత్వ సంస్థ. 1961 ఏప్రిల్ 9న లాంగ్ బీచ్ లైన్‌ను మూసి బస్సులు వేసింది ఆ సంస్థే. 1990లో ప్రభుత్వ డబ్బుతోనే చాలావరకు అదే దారిలో మళ్లీ పట్టాలు పరిచి, బ్లూ లైన్ అని పేరు పెట్టి లాంగ్ బీచ్‌కు రైలు నడిపారు.