బటన్ వేషం కట్టిన డివ్ గారికి

వెబ్ పేజీల కోడ్‌లో ఉత్త పెట్టెగా పనిచేసే మహారాజశ్రీ డివ్ ట్యాగు గారికి,

నిన్న మధ్యాహ్నం నా మౌస్ బ్యాటరీ అయిపోయింది. కీబోర్డు ఉందిగా అని ధీమాగా ఫారం మొత్తం నింపాను. ఆఖరి గడిలో ట్యాబ్ నొక్కి, ఇక 'పంపించు' మీదికే వచ్చుంటానని చూడకుండా ఎంటర్ కొట్టాను. ప్రైవసీ పాలసీ తెరుచుకుంది. వెనక్కి వస్తే గడులన్నీ ఖాళీ.

'పంపించు' మాత్రం అక్కడే ఉంది. నీలిరంగు, గుండ్రటి అంచులు, కింద నీడ. కోడ్ తెరిచి చూస్తే లోపల తమరు!

బటన్ అని ఒక ట్యాగు ఉందండీ. ట్యాబ్ నొక్కితే దాని దగ్గర ఆగుతుంది, ఎంటర్‌కీ స్పేస్‌కీ పలుకుతుంది, తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి తానెవరో చెప్పుకుంటుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. తమరితో ఆ పని చేయించాలంటే తమరు బటనని చెప్పే రోల్ రాయాలి, ట్యాబ్ ఆగేలా ట్యాబ్‌ఇండెక్స్ పెట్టాలి, రెండు కీలకీ పలికేలా జావాస్క్రిప్ట్ కోడ్ రాయాలి. అంతా అయ్యాక కూడా ఫారం పంపడం తమకు రాదు, అదీ మేమే రాసివ్వాలి. ఇంత సేవ దేనికయ్యా అంటే, బటన్‌కి బ్రౌజర్ పెట్టే బూడిదరంగు మా డిజైనర్లకు నచ్చదు. పేజీ రంగూ రూపూ దిద్దే సీఎస్ఎస్ నాలుగు లైన్లు రాస్తే పోయే రంగు!

అక్షరాలు చిన్నగా కనబడాలని ప్రధాన శీర్షిక హెచ్1 కిందే నాలుగో స్థాయి శీర్షిక హెచ్4 పెట్టేవాళ్ల సంగతి, గడి పేరు చెప్పే లేబుల్ మానేసి గడిలో మసగ్గా కనబడే ప్లేస్‌హోల్డర్‌తో సరిపెట్టేవాళ్ల సంగతి ఇంకోసారి రాస్తాను. వెబ్ పేజీలు రాసే భాషకు హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం 2014లోనే ఖరారైంది. పేజీలో ఏ భాగం ఏదో చెప్పే హెడర్, నావ్, ఆర్టికల్, ఫుటర్ ట్యాగులన్నీ అందులో ఉన్నాయి. అయినా ఇప్పటికీ డివ్‌లో డివ్, దాంట్లో ఇంకో డివ్. ఇంకేదీ సరిపోకపోతేనే మిమ్మల్ని పిలవమని స్పెసిఫికేషనే చెబుతోంది కదండీ.

ఒక్క పేజీలో అయితే పోన్లే అనుకునేవాణ్ణి. నువ్వు కూర్చున్నది టెంప్లేట్‌లో! దాన్నుంచి పుట్టిన ప్రతి పేజీలోనూ ఇదే దొంగ బటన్. నేనైతే బ్యాటరీ మార్చుకున్నాను. చూపు లేనివాళ్లు, చేతులు వణికేవాళ్లు ఏం మార్చుకోవాలి? ట్యాబ్ నీ దగ్గర ఆగదు. స్క్రీన్ రీడర్ 'పంపించు' అని చదువుతుంది, బటన్ అని మాత్రం చెప్పదు. అది నొక్కాల్సినదని వాళ్లకెలా తెలుస్తుంది? సిగ్గులేదూ?

రెండు పెట్టెల్ని పక్కపక్కన సర్దాలంటే నీ అంత ఒద్దికైనవాడు లేడు, ఒప్పుకుంటాను. బటన్ చుట్టూ కావాలంటే కూర్చో. లోపల దాన్ని ఉండనీ.

ఇట్లు,
ప్రైవసీ పాలసీ ఆసాంతం చదివిన అభాగ్యుడు