వేలాడే ఉయ్యాల కుర్చీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వేలాడే ఉయ్యాల కుర్చీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరిని మా ఇంటికి తెచ్చుకోవాలని నెల రోజులుగా తంటాలు పడుతున్న హైదరాబాదు అపార్టుమెంటు వాసిని నేను. మాది నాలుగో అంతస్తు, బాల్కనీ వెడల్పు నాలుగడుగులు. తమ వంశం గొప్పదని తెలుసు. 1492లో కొలంబస్ కరీబియన్ దీవులలో దిగేనాటికే అక్కడివారు నూలు వలలు కట్టుకొని, నేల తగలకుండా నిద్రపోతున్నారు. 1959లో డెన్మార్కుకు చెందిన డిట్జెల్ దంపతులు పేముతో గుడ్డు ఆకారంలో కుర్చీ అల్లించి వేలాడదీశారు. నేను దుకాణంలో దర్శించుకున్న తమరు మాత్రం ఇనుప గొట్టాలకు ప్లాస్టిక్ నార చుట్టుకొని ఉన్నారు. దానిని పేము అన్నది దుకాణం కుర్రవాడే గాని నేను కాదు.

ఆ కుర్రవాడు నా పొట్ట వంకా, తమ కాలికి అంటించిన "120 కిలోల వరకు" అన్న చీటీ వంకా మార్చి మార్చి చూసి, "కూర్చోండి సార్, ఏం కాదు" అన్నాడు. నేను 80 కిలోల మనిషిని. అయితే తమ ఒడిలో కూర్చున్నవాడు ఊగక మానడు. 30 డిగ్రీలు వెనక్కి లాగి వదిలితే, కిందికి వచ్చిన క్షణాన కొక్కెం మీద నా భారం 101 కిలోలకు చేరుతుంది. ఒక్కసారిగా కూలబడితే నా 80 కిలోలూ ఇంచుమించు రెట్టింపవుతాయి. మా ఇంట్లో కూలబడకుండా కూర్చోవడం ఎవరికీ అలవాటు లేదు.

మా అమ్మ కూడా ముచ్చటపడి కూర్చుంది. మెత్తలోకి నడుము దాకా దిగిపోయింది, కాళ్ళు నేలకు జానెడు ఎత్తున ఆగిపోయాయి. లేవబోయినప్పుడల్లా తమరు వెనక్కి జరగడంతో, నూతిలో పడ్డ బొక్కెనను పాతాళగరిగెతో తీసినట్లు ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకొని పైకి తీయవలసి వచ్చింది. "బాగానే ఉందిరా, కానీ ఇందులో కూర్చున్నవాళ్ళు ఇంక వంటింట్లోకి రాలేరు" అన్నది ఆమె తీర్పు. ఆ లక్షణాన్ని లోపంగా రాయాలో, సుగుణంగా రాయాలో మా ఆవిడా నేనూ ఇంకా తేల్చుకోలేదు.

ఇక తమరిని ఎక్కడ వేలాడదీయాలన్నది అసలు చిక్కు. హాల్లో ఫ్యాను కొక్కెం ఉంది కదా అని మా ఆవిడ అంటే, నాలుగైదు కిలోల ఫ్యాను కోసం పెట్టిన కొక్కేనికి మనిషిని కడతారా అని ఎలక్ట్రీషియను నోరు వెళ్ళబెట్టాడు. కొత్తగా బోల్టు దింపుదామంటే స్లాబు మందం అయిదు అంగుళాలు. అందులో కరెంటు పైపులు ఏ దారిన పోతున్నాయో, సెంట్రింగు విప్పిన నాడే వెళ్ళిపోయిన మేస్త్రీకి తెలియాలి. పోనీ స్టాండుతో రండి అంటే, దాని అడుగు చక్రమే మూడున్నర అడుగులు. బాల్కనీలో పెడితే తమరు ఊగడానికి మిగిలేది అరడుగు. ముందుకు ఊగితే మోకాళ్ళు రెయిలింగుకు, వెనక్కి ఊగితే తల గోడకు.

మా తాతగారి ఇంట్లో తమకు దూరపు బంధువు అనదగిన ఉయ్యాల బల్ల ఉండేది. ఇల్లు కట్టేటప్పుడే దాని కోసమని టేకు దూలం వేయించి, దూలానికి కొక్కేలు దిగ్గొట్టించి, ఆ పైననే పెంకులు కప్పించారట. నాలుగు ఇత్తడి గొలుసులు. కీచుమన్నప్పుడల్లా మా నాయనమ్మ కోడి ఈకను ఆముదంలో ముంచి కొక్కెం మెడకు రాసేది. మధ్యాహ్నం తాతగారు పడుకుంటే ఆయన పాదాల దగ్గర ఇద్దరు పిల్లలం సర్దుకునేవాళ్ళం. తమరి వద్ద ఒక్కరికే చోటు, అదీ ఒంటరిగా ఫోను చూసుకోవడానికి. మేమిప్పుడు ముందు తమరి ఫొటో చూసి, తరువాత మెత్తల రంగు చూసి, డబ్బు కట్టిన తరువాత తలెత్తి స్లాబు చూస్తున్నాము.

కనుక తమరు దయచేసే పక్షంలో దూలం కూడా వెంట తెచ్చుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
నాలుగడుగుల బాల్కనీ యజమాని

తా.క.: ఆ ఇత్తడి గొలుసులు మా అమ్మ ట్రంకుపెట్టెలో పాత చీరలో చుట్టి ఉన్నాయి. తూకానికి వేస్తే తమ వెలలో కొంతైనా రావచ్చునని నాకు తోచింది గాని, ఆ మాట ఆమె ఎదుట ఇంకా అనలేదు.