సవరణ: చిల్గోజాలు, ఇటలీ పైన్ గింజలు ఒకటి కాదు

పోయిన వారం బెంగళూరు శివాజీనగర్‌లో కొన్న చిల్గోజాల (ఒక రకం పైన్ చెట్టు నుంచి వచ్చే, తినే గింజలు) ఫోటో పెట్టి, ఇవి ఇటలీ, స్పెయిన్‌లలో పెరిగే గొడుగు పైన్ చెట్టు గింజలే అని రాశాను. అది తప్పు, నేను సరిచూడకుండా రాసిన మాట. చెట్ల పుస్తకాలు తిరగేశాక, కొట్టాయన్ని కూడా అడిగాక తెలిసింది.

చిల్గోజా మన హిమాలయాల చెట్టు, పైనస్ జెరార్డియానా. హిమాచల్‌లోని కిన్నౌర్‌లో, ఇంకా పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో పెరుగుతుంది. గింజ సన్నగా, పొడుగ్గా ఉంటుంది, పెంకు పలచన, పంటితో నొక్కితే విడిపోతుంది.

మధ్యధరా చెట్టు పేరు పైనస్ పీనియా. దాని గింజ పెంకు ఎంత గట్టిదంటే రాయో సుత్తో పట్టుకోవాల్సిందే, పైగా పెంకు మీద నల్లటి పొడి ఉండి ముట్టుకుంటే వేళ్లకు మసిలా అంటుతుంది. చాలా పైన్‌ల కాయలు పండడానికి రెండేళ్లు చాలు, దీనికి మాత్రం దాదాపు 3 ఏళ్లు పడుతుంది, అంత ఖరీదు ఉండడానికి అదీ ఒక కారణం. ఇటలీవాళ్లు తులసి జాతి ఆకులతో నూరుకునే పెస్టోలో సంప్రదాయంగా వేసేది ఈ గింజలే.

వలిచిన ప్యాకెట్ మీద ఉత్త ‘పైన్ నట్స్’ అని ఉంటే అది కొరియన్ పైన్ కూడా కావచ్చు, ఏ దేశం సరుకో చూసి కొనండి. నా పోస్టు చూసి పెస్టో కోసం చిల్గోజాలు తెచ్చుకున్నవాళ్లు మాత్రం టెన్షన్ పడకండి, అవీ బాగానే కుదురుతాయి.