బుడాపెస్ట్ ప్రశ్న మన చర్చికి వర్తించదా?

మార్టిన్ లూథర్ బాటలో నడిచే క్రైస్తవ సంఘాల, అంటే లూథరన్ సంఘాల, అంతర్జాతీయ సహకారం అనగానే 1947లో స్వీడన్‌లోని లుండ్‌లో పుట్టిన లూథరన్ వరల్డ్ ఫెడరేషన్‌ గురించి, యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న శరణార్థులకు అది చేసిన సాయం గురించి చెబుతారు. గొప్ప పనే, కాదనను. కానీ నన్నడిగితే ఆ ఫెడరేషన్ నిజంగా పెద్దదైంది 1984లో, బుడాపెస్ట్‌లో. వర్ణవివక్షను తెగనాడటానికి ముందుకు రాని రెండు తెల్లవాళ్ల సంఘాలను, దక్షిణాఫ్రికాలో ఒకటి, నమీబియాలో ఒకటి, అది సస్పెండ్ చేసింది.

ఆ నిర్ణయం రాత్రికి రాత్రి తీసుకున్నది కాదు. వర్ణవివక్షను తిరస్కరించడం విశ్వాసానికి సంబంధించిన విషయమేనని 1977లోనే టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో జరిగిన ఫెడరేషన్ మహాసభ తేల్చి చెప్పింది. టాంజానియా బిషప్ జోసయ్య కిబిరా ఫెడరేషన్‌కు తొలి ఆఫ్రికన్ అధ్యక్షుడైందీ ఆ సభలోనే. ఆ తర్వాత ఏడేళ్లు ఆగారు.

నన్ను కదిలించేది దీని వెనకున్న తర్కం. సంఘం ఒకటిగా ఉండటానికి సువార్త బోధలో, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే సంస్కారాల్లో ఏకీభవిస్తే చాలని లూథరన్లకు మూలపత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం అంటుంది. తెల్ల సంఘాల బోధలో వంక పెట్టడానికేమీ లేదు. విశ్వాసం నేర్పే ప్రశ్నోత్తరాల పుస్తకం, కాటెకిజం, అదే; పాటలు అవే. మరి ప్రభు భోజనంలో రొట్టె విరిచే బల్ల దగ్గర చర్మం రంగు చూసి మనుషుల్ని విడదీస్తే, ఆ బోధకు అర్థమేముంది? కాగితం మీది విశ్వాసాన్ని బల్ల దగ్గర పరీక్షించారు. సహకారమంటే నాకు తెలిసి ఇదే.

చర్చికి రాజకీయాలెందుకు, వెలేస్తే మాట్లాడుకునే దారి మూసుకుపోదా అన్నవాళ్లూ ఉన్నారు. దారేమీ మూసుకుపోలేదు. తర్వాత సస్పెన్షన్ ఎత్తేశారు, మళ్లీ కలుపుకున్నారు. ఏళ్ల తరబడి బతిమాలినా కదలని విషయం గట్టిగా నిలదీస్తేనే కదిలింది.

ఇక మన ఇంటికొద్దాం. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో మొదలుపెట్టిన పని 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ) అయింది. అదీ ఈ ఫెడరేషన్‌లో సభ్యురాలే. వర్ణవివక్ష పాపమంటే మనలో ఎవరూ కాదనరు. అది దూరదేశం సంగతి కాబట్టి టెన్షన్ లేదు. కానీ తెలుగు పేపర్లో ఆదివారం పెళ్లి సంబంధాల పేజీ తీయండి. ‘క్రిస్టియన్’ అన్న మాట పక్కనే కులం పేరు అచ్చై ఉంటుంది. ఊళ్లో ఈ పేటకో చర్చి, ఆ పేటకో చర్చి. రంగును బట్టి విడిపోతే విశ్వాస ద్రోహమైనప్పుడు, కులాన్ని బట్టి విడిపోతే అది ఆచారం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న ఫెడరేషన్ ఆఫీసున్న జెనీవా నుంచి ఎవరో వచ్చి అడగాలా?

ఆదివారం ప్రభు భోజనంలో రెండు కులాలవాళ్లూ ఒకే గిన్నెలో తాగుతారు. సోమవారం పెళ్లి మాట వస్తుంది. “అబ్బాయి మంచోడే, మన సంఘం వాడే” అంటుంది తల్లి. వెంటనే గొంతు తగ్గించి అడుగుతుంది: “ఇంతకీ వాళ్లేమిట్లు?”